జంట వేషాల్లో ఒకరి చేతులైనా ఖాళీగా ఉండాలి

సంపాదక మహాశయులకు,

శరత్కాలం వచ్చిందంటే ఆదివారం అనుబంధాల్లో జంట వేషాల ఫొటోలకు కొదవుండదు. రాజూ రాణీ, వేటగాడూ తోడేలూ, ఇద్దరు వ్యోమగాములు. ఫొటోలు బాగుంటాయి, కాదనం. మా పేచీ అంతా వాటి కింద రాసే మెప్పుదలతోనే. ఇద్దరూ తల నుంచి కాలి దాకా సరిసమానంగా ముస్తాబైతేనే అసలైన జంట వేషం అన్నట్టు రాస్తారు. అది చదివి వచ్చే వారాంతం వేషాల సంబరానికి (కాస్‌ప్లే అంటారు) పెట్టె సర్దుకునే వాళ్లకు మేం చెప్పేది ఒక్కటే: ఇద్దరూ ఒకే రోజు బరువు వేషం వేయకండి. శనివారం ఒకరిది, ఆదివారం ఇంకొకరిది. రెండోవాళ్లది ఆ రోజుకి తేలిక వేషం. చేతికి తొడుగులుండవు, మొహానికి ముసుగుండదు, జేబులుంటాయి.

వీపు మీద జిప్పున్న వేషాన్ని తీసుకోండి. దాన్ని వేసుకున్న మనిషి తనంతట తాను విప్పుకోలేడు. రెండో మనిషి చేతులకు 5 మిల్లీమీటర్ల ఫోముతో చేసిన తొడుగులుంటే ఆ జిప్పు కొస ఆ వేళ్లకు దొరకదు. ఇప్పుడు ఒకరికి మరుగుదొడ్డికి వెళ్లాల్సి వచ్చింది. ఆ తొడుగులు విప్పాలంటే ముంజేతి కవచం విప్పాలి, దాని పట్టీ మోచేతి వెనక ఉంటుంది. ఇద్దరూ కలిసి దారినపోయే వాళ్లను బతిమాలుకోవాలి. వారాంతాల్లో జంటల మధ్య వచ్చే చిరాకుల్లో సగం ఇలాంటివే. గది తాళం ఎవరి దగ్గరుంది, టికెట్టు ఎవరి ఫోన్లో ఉంది, ఈ ముసుగు ఎవరు పట్టుకుంటారు. ఒకరి చేతులు ఖాళీగా ఉంటే ఇవేవీ గొడవ దాకా రావు.

ఫోను సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాం. మొహానికి రంగు దట్టంగా పూస్తే ఫోను మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. తొడుగుల్లోంచి వేలిముద్ర తీసుకోదు. బయల్దేరే ముందే అంకెల తాళం పెట్టుకుని, ఆ అంకెలు ఇద్దరూ గుర్తుంచుకోవాలి. జేబు కుట్టేటప్పుడు లోపలి కొలత 12 సెంటీమీటర్ల వెడల్పు, 18 లోతు ఉంటే నేటి ఫోన్లు చాలావరకు పడతాయి. కుట్టాల్సిన చోటు తొడ పక్కన, కుట్టు గీత వెంబడి. ఛాతీ కవచం కింద జేబు పెట్టుకుంటే ఫోను మోగడం వినపడుతుంది గానీ చెయ్యి అందదు.

ఇక పెట్టె. వేషం కుట్టేవాళ్లంతా అద్దం ముందు నిలబడి కొలుచుకుంటారు. కొలవాల్సింది పెట్టె ముందు కూర్చుని. విమానాల్లో కింది సామాన్ల అరలో వేసే పెట్టెకు చాలా సంస్థలు పెట్టే హద్దు, పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 158 సెంటీమీటర్లు, బరువు 23 కిలోలు. కొన్ని సంస్థల హద్దులు ఇంతకన్నా తక్కువే ఉంటాయి కాబట్టి టికెట్టు మీద ఒకసారి చూసుకోండి. లోపల 70, 45, 28 సెంటీమీటర్లుండే పెట్టెలో ఒక మూల నుంచి ఎదుటి పై మూలకు కొలిస్తే 87 దాకా వస్తుంది. కర్రకు మందం ఉంటుంది కాబట్టి 80కి మించింది పట్టదనుకోవాలి. అంటే 180 సెంటీమీటర్ల బల్లేన్ని రెండు ముక్కలు చేస్తే సరిపోదు, మూడు చేయాలి. ఒక్కోటి 60. రెండు అతుకులకూ లోపలికి దూరే సన్న గొట్టం ఒక్కోటి 20 సెంటీమీటర్లది తీసుకుని, సగం ఒక ముక్కలో జిగురుతో బిగించి, మిగతా సగం బయటికి వదలాలి. అప్పుడు అత్యంత పొడవైన ముక్క 70 అవుతుంది, పెట్టెలో పడుతుంది. గొట్టం 4, 5 సెంటీమీటర్లే లోపలికి పోయేలా చేస్తే బల్లెం నిలబెట్టగానే అతుకు దగ్గర ఊగుతుంది, సాయంత్రానికి అక్కడి రంగు పగులుతుంది. అతుకు తిరిగిపోకుండా అడ్డంగా ఒక చిల్లు పొడిచి సన్న మేకు దూర్చండి. ఆ మేకులు రెండు ఎక్కువే తీసుకెళ్లండి. పోయేవి అవే.

విమానమైతే జిగురు, స్ప్రే రంగు వెంట పెట్టుకోవద్దు. ఫోము అతికించే కాంటాక్ట్ సిమెంటు అనే జిగురుకి మంట అంటుకునే గుణం ఉంది, రంగు స్ప్రే డబ్బాలదీ అదే దారి. చేతి సంచిలోనూ కుదరదు, కింద వేసే పెట్టెలోనూ కుదరదు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల లోపైతే మామూలుగా అనుమతిస్తారు. లెక్క తేలికే: డబ్బా మీది మిల్లీ యాంపియర్ అవర్లను 3.7తో గుణించి 1000తో భాగించాలి. 20000 అని ఉంటే 74 వాట్ అవర్లు. ఎన్ని తీసుకెళ్లొచ్చు, విమానంలో వాడొచ్చా అన్నవి సంస్థను బట్టి మారతాయి. కళ్లలో దీపాలున్న శిరస్త్రాణాన్ని కింది పెట్టెలో వేసేవాళ్లు అందులోని లిథియం బ్యాటరీ ఊడదీసి దగ్గర పెట్టుకోవాలి. ఊడదీయడానికి వీలుగా అమర్చుకోవడం ముందు జాగ్రత్త. జిగురుతో అతికించేశాక తనిఖీ బల్ల దగ్గర బుర్ర గోక్కోవడమే.

దీపాల గురించి ఇంకో మాట. పవర్ బ్యాంకుతో వెలిగించిన చిన్న ఎల్ఈడీలు అర నిమిషం వెలిగి ఆరిపోతున్నాయంటే వైరింగును అనుమానించకండి. చాలా పవర్ బ్యాంకులు తమ నుంచి కరెంటు మరీ తక్కువగా పోతుంటే ఫోను నిండిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. రెండు చిన్న దీపాలు లాగే కరెంటు దానికి లెక్కలోకి రాదు. తక్కువ కరెంటుకు వేరే మీట ఉన్నది కొనాలి, లేదా 3 పెన్సిల్ సెల్లుల డబ్బా పెట్టుకోవాలి. 3 సెల్లులంటే 4.5 వోల్టులు, మధ్యలో కరెంటును అదుపు చేసే సరిపడా రెసిస్టర్ తప్పనిసరి. సాయంత్రం చలి ముదిరాక మామూలు ఆల్కలైన్ సెల్లులు నీరసిస్తాయి. డబ్బాను బయట నడుముకు కాకుండా లోదుస్తుల పక్కన, ఒంటి వెచ్చదనం తగిలే చోట పెడితే ఎక్కువసేపు వస్తాయి.

ఈ కాలానికే ప్రత్యేకమైన చిక్కు జిగురుది. శుక్రవారం రాత్రి, ప్రయాణానికి ముందు, ఆరుబయట కూర్చుని ఫోము ముక్కలు అతికించేవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. కాంటాక్ట్ సిమెంటు రెండు వైపులా పలచగా పూసి, వేలికి అంటనంతగా ఆరాక నొక్కాలన్నది అందరికీ తెలిసిందే. మామూలు వాతావరణంలో 10 నిమిషాలు చాలు. కానీ మంచు పట్టే సాయంత్రాల్లో జిగురు మీద తెల్లగా పలచని పొర కనిపిస్తుంది. వేలు పెడితే అంటదు, ఆరిందనుకుంటాం. నొక్కితే పట్టుకున్నట్టే ఉంటుంది. మర్నాడు భుజం పైకెత్తగానే అతుకు నోరు తెరుస్తుంది. జిగురులోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ చోటును చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి చోట నీరు సన్నగా పేరుకుంటుంది. రెండు జిగురు పొరల మధ్య నీటి పొర ఉంటే అవి కలవవు. లక్క రంగులు ఈ కాలంలో మసకబారినట్టు కనిపించేదీ ఇందుకే. మందు ఏమిటంటే, జిగురు పని మధ్యాహ్నం పెట్టుకోవడం. లోపల కూర్చుంటే కిటికీలు తెరిచే ఉంచాలి, దగ్గరలో మంట ఉండకూడదు. తెల్ల పొర వచ్చేసిందా, పొడిబట్టతో ఒత్తి ఆరనిచ్చి మళ్లీ పూయాలి. ద్రావకం పూర్తిగా పోయాకే, ఆరిన పొరను వేడిగాలి ఊదే హీట్ గన్‌తో కొంచెం వెచ్చబెట్టి నొక్కితే పట్టు ఇంకా బాగుంటుంది. తడి జిగురు మీద మాత్రం హీట్ గన్ పెట్టొద్దు, భగ్గుమంటుంది.

అతుకు ఊడటానికి రెండో కారణం తొందర. చదునుగా ఉన్న ఫోమును వంచి, ఆ వంపును జిగురుతో ఆపాలని చూస్తాం. ఫోము రోజంతా తిరిగి చదునవ్వాలని లాగుతూనే ఉంటుంది. ముందు వేడి చేసి, ఒంటి ఆకారానికి వంచి, చల్లారేదాకా పట్టుకుని, అప్పుడు అతికిస్తే జిగురు మీద బరువుండదు. ఒంటికి 5 మిల్లీమీటర్లు, భుజాలకూ శిరస్త్రాణానికీ 10, పై నగిషీలకు 2. ఒంటికి కూడా 10 పెడితే పెట్టె నిండిపోతుంది, చంకలు ఒరుసుకుంటాయి.

రంగు వేసిన ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో ఏదో ఒకటి వేయాలి. ప్లాస్టిక్ కవరు వేస్తే యాక్రిలిక్ రంగు దానికి అంటుకుని పొరగా లేచొస్తుంది. వేలికి ఆరినట్టు తోచినా లోపల మెత్తగానే ఉంటుంది, పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది. పాత న్యూస్ పేపరు వేస్తారు చాలామంది. మీకు రాస్తున్న ఉత్తరంలో ఇలా అనడం ఇబ్బందే గానీ, ఆ పని చేయొద్దు. పేపరు సిరా కాగితంలోకి ఇంకుతుందే తప్ప గట్టిపడదు, వెండి రంగు కవచం మీద మీ శీర్షికలు అద్దినట్టు దిగుతాయి. బటర్ పేపరు వేసుకోవాలి.

కారులో వెళ్లేవాళ్లకు తిప్పలు వేరు. బయట చల్లగాలి వీస్తోంది కదా అని వేషాన్ని కారులో వదిలి తిరగడానికి వెళ్తారు. ఎండ పొడలో నిలిపిన కారు లోపల బయటి చల్లదనం లెక్కలోకి రాదు. త్రీడీ ప్రింటరు మీద పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తీసిన ముక్కలు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. వెనక అద్దం కింది అర మీద నేరుగా ఎండ పడితే అంత వేడి చేరడం కష్టమేం కాదు. కిరీటం కొమ్ము వాలిపోయి దొరుకుతుంది. కరిగించి పూసే హాట్ గ్లూతో అతికించిన రాళ్లూ ఆ వేడికే జారతాయి. డిక్కీలో, దుప్పటి కింద పెట్టండి. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో తీసిన ముక్కలు దాదాపు 80 దాకా తట్టుకుంటాయి, కారు ప్రయాణాలున్నవాళ్లు అది వాడటం నయం.

కవచం వేసుకుని కారు ఎక్కొద్దు. నడపడం సంగతి సరేసరి, పక్క సీట్లో కూర్చోవడమూ వద్దు. సీటు బెల్టు ఎముకల మీద, అంటే భుజం మీదా కటి మీదా ఆని ఉండాలి. మధ్యలో ఫోము కవచం ఉంటే బెల్టు బిగిసినట్టే కనిపిస్తుంది. గుద్దుకున్న క్షణంలో ఫోము నలిగిపోయి అంత మేరా బెల్టు వదులవుతుంది. ముసుగుతో నడపకూడదని వేరే చెప్పక్కర్లేదు. దిగిన చోటే వేసుకోవాలి, ఎక్కే ముందే విప్పాలి. దానికి 20 నిమిషాలు పడుతుందని ముందే లెక్కలో వేసుకుంటే, తొందరగా కానీయ్ అనే మాట రాదు.

వేసుకునే వరస మీద మాకు పట్టింపు ఎక్కువ. ముందు తినడం, తర్వాత మరుగుదొడ్డి. కంటికి రంగు లెన్సులుంటే చేతులు కడుక్కుని అవి మొదట పెట్టాలి, ఆ తర్వాతే మొహానికి రంగు. తీసేటప్పుడూ లెన్సులే ముందు. కంటి డాక్టరు కొలిచి రాసినవి తప్ప పెట్టుకోవద్దు, ఒకరివి ఒకరు అసలే వద్దు, కుళాయి నీళ్లతో కడగొద్దు. ఎంత ప్రేమ ఉన్నా ఇది పంచుకునే వస్తువు కాదు. కొత్త రంగునైనా, విగ్గు జిగురునైనా ముందురోజే ముంజేతి లోపలి వైపు కొంచెం రాసి చూడాలి. రంగయ్యాక లోపలి బట్టలు, ఆ వెంటనే బూట్లు. ఛాతీ కవచం వేసుకున్నాక వంగి బూటు లేసు కట్టిన మనిషిని చూడలేదు. తర్వాత కవచం, విగ్గు, చివర్న తొడుగులు. అద్దం ఒక్కటే ఉంటుంది కాబట్టి మొహానికి రంగున్నవాళ్లు ముందు కూర్చుంటారు. తేలిక వేషం వాళ్లు ఆఖరున 10 నిమిషాల్లో తయారవుతారు. మిగతా సమయమంతా సాయం వాళ్ల పని. ఇక్కడా అదే సూత్రం.

ఈ కాలంలో పొద్దు వారం వారం తగ్గుతుంటుంది. పోయిన నెల సాయంత్రం 5 గంటలకు తీసిన ఫొటో ఈ నెల అదే వేళకు రాదు. సూర్యాస్తమయం ఎన్నింటికో చూసుకుని, గంటన్నర ముందు ఫొటోల చోట నిలబడేలా, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. రంగుకు 45 నిమిషాలు, కవచానికి 20, విగ్గుకు 15, నడకకు మామూలుగా పట్టే దానికి రెట్టింపు. కవచంలో ఎవరూ మామూలుగా నడవలేరు, పైగా దారిలో ఆపి ఫొటో అడుగుతారు.

కళ్లద్దాల మీద ముసుగు పెట్టుకునేవాళ్లకు చలిగాలిలో అద్దాలు మసకబారతాయి. ఒక్క చుక్క గిన్నెలు కడిగే సబ్బు అద్దానికి రుద్ది, మెత్తటి పొడిబట్టతో తుడిచేస్తే కొన్ని గంటలు ఆగుతుంది. ముసుగు నుదుటి దగ్గర లోపలి వైపు కనబడకుండా రెండు, మూడు చిల్లులు పెడితే వెచ్చటి ఊపిరి పైకి పోతుంది. ముక్కు దగ్గర పెట్టిన చిల్లు అంతగా పనిచేయదు. పక్కచూపు ఉండదు కాబట్టి మెట్లు, కాలిబాట అంచులు చెప్పడానికి చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. ఆ మనిషికీ ముసుగుంటే ఇద్దరూ కలిసి పడతారు.

అంగీ అంచు కొలత బూట్లు వేసుకుని చూడాలి, నేలకు 3, 4 సెంటీమీటర్లు పైన ఆగాలి. నేలను ఊడ్చే అంచు ఫొటోలో హుందాగా ఉంటుంది. రాలిన ఆకుల్లో నడిస్తే ఆకు ముక్కలు, పల్లేరు కాయలు, తడి అన్నీ ఎక్కించుకుంటుంది. నూలు మఖమల్ అయితే తడి అంచు దగ్గర ఆగదు, జానెడు పైకి పాకుతుంది. అంచు లోపల సింథటిక్ పట్టీ ఒకటి కుడితే కొంత నయం. నున్నటి ఫోము అడుగున్న బూటు తడి ఆకుల మీద జారుతుంది, అడుగున పలచని రబ్బరు షీటు అతికించుకోవాలి. వెల్క్రో వాడిన చోట గరుకు వైపు బయటికీ, మెత్తటి వైపు ఒంటికీ ఉండాలి. తిరగేస్తే లోపలి బట్టను, లేసును, విగ్గు వెంట్రుకల్ని పట్టుకుని వదలదు. బరువు మోసే చోట వెల్క్రో వద్దే వద్దు, 25 మిల్లీమీటర్ల పట్టీ, నొక్కితే ఊడే బకిలు పెట్టండి. ఒంటి చేత్తో తీయొచ్చు. అయస్కాంతాలతో భుజం వస్త్రం తగిలించేవాళ్లూ ఉన్నారు. నేరుగా లాగితే గట్టిగానే పట్టుకుంటాయి గానీ పక్కకు జారుడు ఆపలేవు. వస్త్రం బరువంతా జారుడే కదా.

సింథటిక్ విగ్గు చిక్కుపడేది మెడ వెనక, కాలరు ఒరుసుకునే చోట. దాన్ని పైనుంచి దువ్వితే ముడి బిగుస్తుంది. కొసల దగ్గర మొదలుపెట్టి, వెడల్పు పళ్ల దువ్వెనతో, ముడి పైన వేళ్లతో గట్టిగా పట్టుకుని, కొంచెం కొంచెంగా పైకి రావాలి. పెట్టెలో వదులుగా జడ అల్లి, వలలో వేసి పెడితే ఈ పని సగం తగ్గుతుంది.

మరమ్మతు సంచి తేలిక వేషం వాళ్ల నడుముకు ఉండాలి. వంకీ సూది, రెండు రంగుల దారం, డజను పిన్నీసులు, ఒక మీటరు ఎలాస్టిక్, జానెడు వెల్క్రో, గుడ్డ టేపు, 3 గ్రాముల సూపర్ గ్లూ ట్యూబు. సూపర్ గ్లూ ఫోమును అప్పటికి పట్టుకుంటుంది గానీ ఆరాక గాజులా పెళుసుబారుతుంది, ఇంటికెళ్లాక తీసి మళ్లీ అతికించాల్సిందే. కారిన గ్లూను దూదితోనో నూలు గుడ్డతోనో తుడవకండి. నూలు తగిలితే అది ఒక్కసారిగా గట్టిపడుతూ వేడెక్కుతుంది, వేలు కాలుతుంది.

చెమట వాసనకు వోడ్కా చల్లడం నాటకాల దుస్తుల గదుల్లో పాత పద్ధతి. బట్టకు పర్వాలేదు, చల్లాక ఆరేదాకా మంటకు దూరంగా ఉంచాలి. యాక్రిలిక్ రంగు వేసిన కవచం మీద మాత్రం చల్లొద్దు. ఆల్కహాల్ ఆ రంగును మెత్తబరుస్తుంది.

ఆదివారం రాత్రి ఇంటికి చేరాక పెట్టె తెరవడానికి ఎవరికీ మనసొప్పదు. నువ్వు తెరువు అంటే నువ్వు తెరువు. తడిసిన బట్ట మూసిన పెట్టెలో ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది, శుక్రవారం తెరిస్తే నల్ల చుక్కలు కనిపిస్తాయి. ఈ పని ఎవరిదో బయల్దేరే ముందే తేల్చుకోవాలి. ఆ రోజు తేలిక వేషం వేసినవాళ్లదే అంటే న్యాయంగా ఉంటుంది, వాళ్ల కాళ్లకు తక్కువ నొప్పి. కవచాన్ని తుడిచి గాలికి ఆరబెట్టాలి, అంగీని తిరగేసి తాడు మీద వేయాలి, విగ్గును బోర్లించిన గిన్నె మీద పెట్టాలి. తడి బూట్లను హీటరు ముందు పెడితే అడుగు అతుకు ఊడుతుంది. వాటికి మాత్రం మీ పత్రిక పాత సంచికలు బాగా పనికొస్తాయి. ఉండలు చుట్టి బూటు ముందు కొస దాకా కుక్కాలి, తడి పీల్చుకున్నాక తెల్లవారుజామున తీసి కొత్తవి కుక్కాలి. బూటు లోపలికి సిరా అంటినా ఎవరూ చూడరు.

ఇట్లు,
వారాంతాల్లో వేషాలు మోసే ఓ జంట